రక్తం చెడిపోలేదు: సోరియాసిస్ ఉన్నవాళ్లు బ్లడ్ రిపోర్టు ఎలా చదువుకోవాలి

సోరియాసిస్ ఉందో లేదో తేల్చే రక్త పరీక్ష అంటూ ఏదీ లేదు. ఈ ఒక్క ముక్క ముందే తెలిసి ఉంటే, హనుమకొండలో ఒక ల్యాబ్‌కి ‘స్కిన్ అలర్జీ ప్యాకేజీ’ పేరుతో నేను కట్టిన నాలుగు వేలు మిగిలేవి. పన్నెండు పేజీల రిపోర్టు చేతిలో పెట్టారు, వంకాయ నుంచి రొయ్యల దాకా నాకు ఏవి పడవో రంగురంగుల గీతలు గీసి మరీ ఇచ్చారు, మోచేతుల మీద పొలుసులు ఎందుకు లేస్తున్నాయో మాత్రం అందులో ఒక్క అక్షరం లేదు. ఆ తర్వాత చూపించుకున్న చర్మం డాక్టరు మోచేయి చూసి, తల వెనక జుట్టు పాయ తీసి చూసి, గోళ్ల మీద సూదితో పొడిచినట్టున్న గుంటలు చూసి, రెండు నిమిషాల్లో పేరు చెప్పేశారు. నా పన్నెండు పేజీలు పక్కన పెట్టి ‘సీబీపీ, ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ చేయించి రండి చాలు’ అన్నారు.

సీబీపీ అంటే రక్తకణాల లెక్క, ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ అంటే ఒంట్లో వాపు (ఇన్‌ఫ్లమేషన్) ఉందేమో చూపే పరీక్షలు. ఆ మూడింటినీ ఎలా చేయించుకోవాలి, ఎలా చదవాలి, ఎంతవరకు నమ్మాలి అన్నది నాకు తెలిసినంత చెప్తా. నేను డాక్టర్ని కాదు, ఎనిమిదేళ్లుగా పొట్టు దులుపుకుంటున్న పేషెంట్‌ని. మందు మార్చడం, ఆపడం మీ డాక్టరు పని, రిపోర్టులో అంకె చూసి మీరే చేయకండి.

మా పెద్దమ్మ నా చేతులు చూసినప్పుడల్లా ఒకటే మాట: ‘నెత్తురు ఖరాబైంది బిడ్డా, గందుకే గిట్ల పొక్కుతుంది.’ వేపాకు నూరి తాగించింది, పత్యం పెట్టింది, వంకాయ మాన్పించింది. ప్రేమకు లోటు లేదు గానీ లెక్క తప్పు. రక్తంలో చెడు పేరుకుపోవడం సోరియాసిస్ కాదు, అంటుకునే జబ్బు అంతకంటే కాదు. మన రోగనిరోధక వ్యవస్థలో టీ కణాలని తెల్లకణాలు ఉంటాయి. వాటిలో కొన్ని అవసరం లేకుండానే రెచ్చిపోయి ఐఎల్-17, టీఎన్‌ఎఫ్ లాంటి రసాయనాలను వదులుతుంటాయి, వాటిని అలా రెచ్చగొట్టి ఉంచేది ఐఎల్-23 అనే ఇంకొకటి. ఆ రసాయనాలు తగిలితే చర్మం కింది కణాలు ఆగలేవు. మామూలుగా ఒక కణం అడుగున పుట్టి పైకి వచ్చి రాలడానికి దాదాపు నెల పడుతుంది, సోరియాసిస్ మచ్చలో అదంతా మూడు నుంచి ఐదు రోజుల్లో అయిపోతుంది. కళ్లంలో ఎండకముందే మిర్చిని బస్తాలకెత్తి ఎనుమాముల యార్డుకు తోలినట్టు, ముదరని కణాలు గుంపులుగా పైకొచ్చి పొట్టుగా పేరుకుంటాయి.

ఇదంతా చర్మంలోనే జరిగినా దాని వేడి, అంటే ఆ వాపు ప్రభావం, కొంత రక్తంలోకీ వస్తుంది. కాలేయం సీఆర్‌పీ అనే ప్రోటీన్‌ని ఎక్కువ చేస్తుంది, న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు పెరుగుతాయి, ఈఎస్‌ఆర్ పైకి పోతుంది. రక్తంలో మనం చూడగలిగేది ఆ వేడినే, జబ్బుని కాదు. పైగా ఆ వేడి పన్ను నొప్పితోనూ రావచ్చు, జలుబుతోనూ రావచ్చు. అందుకే అసలు జాగ్రత్త సూది గుచ్చకముందే మొదలవుతుంది.

ముందు, రోజు చూసుకోండి

జ్వరం, దగ్గు, గొంతు నొప్పి, విరేచనాలు, మూత్రంలో మంట, చిగుళ్ల వాపు, కాలి పుండు, ఇలాంటివి ఏవున్నా ఈ పరీక్షలు వాయిదా వేసుకోండి. తగ్గాక రెండు వారాలు ఆగితే మంచిది. టీకా వేయించుకున్న వారంలో కూడా వద్దు. మేడారం జాతరకు పోయివచ్చిన వారానికే నేను రక్తం ఇచ్చాను, అక్కడి దుమ్ముకు గొంతు పూర్తిగా పట్టేసి ఉంది, సీఆర్‌పీ 22 వచ్చింది. సోరియాసిస్ ముదిరిపోయిందని రాత్రంతా టెన్షన్. మూడు వారాల తర్వాత అదే ల్యాబ్‌లో చేయిస్తే 6. మధ్యలో నేను చేసిందల్లా ఉప్పునీళ్లు పుక్కిలించడమే.

గొంతు నొప్పి సంగతి వచ్చింది కాబట్టి పిల్లలున్నవాళ్ల కోసం ఒక మాట. గొంతులో స్ట్రెప్టోకోకస్ ఇన్ఫెక్షన్ వచ్చి తగ్గిన రెండు మూడు వారాలకు వీపు మీద, పొట్ట మీద చినుకులు పడ్డట్టు చిన్న చిన్న ఎర్ర మచ్చలు లేస్తే అది గట్టేట్ రకం సోరియాసిస్ కావచ్చు. అప్పుడు డాక్టరు ఏఎస్‌ఓ టైటర్ రాస్తారు. ఆ క్రిమి మీద ఒళ్లు ఎంత పోరాడిందో అది చెప్తుంది. కొన్ని రకాల పరీక్షలు ఫలానా సందర్భంలోనే పనికొస్తాయి అనడానికి ఇది మంచి ఉదాహరణ, ఎనిమిదేళ్లుగా మోచేతుల మీద మచ్చలున్న నాకు ఏఎస్‌ఓతో పని లేదు.

ముందు రోజు పొలంలో నాట్లు, మూటలు మోయడం, జిమ్‌లో విపరీతంగా చేయడం లాంటి బరువు పని కూడా తెల్లకణాలను, సీఆర్‌పీని కాస్త కదిలిస్తుంది. ఆ రోజు తేలిగ్గా ఉండండి. సీబీపీ, ఈఎస్‌ఆర్, సీఆర్‌పీకి పరగడుపున పోనక్కర్లేదు. షుగరు, కొలెస్ట్రాల్ కూడా అదే రోజు ఇస్తున్నారంటే మాత్రం ఏమీ తినకుండా పొద్దున్నే పోవాలి.

సూది గురించి దాచకండి

ఇది అన్నిటికంటే ముఖ్యం, అందరం దాచేదీ ఇదే. మచ్చలు మండిపోతున్నాయని ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఒక సూది వేయించుకుంటాం, రెండు రోజుల్లో చర్మం నున్నగా అయిపోతుంది, ‘మస్తు పని చేసింది’ అని ఇంకో నలుగురికి చెప్తాం. అందులో ఉండేది చాలాసార్లు డెక్సామెథాసోన్ లాంటి స్టెరాయిడ్. స్టెరాయిడ్ పడ్డాక రిపోర్టు మొత్తం తారుమారు: న్యూట్రోఫిల్స్ పెరుగుతాయి, ఇంకో రకం తెల్లకణాలైన లింఫోసైట్లు తగ్గుతాయి, ఇసినోఫిల్స్ అనే మరో రకం దాదాపు కనబడకుండా పోతాయి, సీఆర్‌పీ మాత్రం కిందికి వస్తుంది. ఒక అంకె జబ్బు పెరిగిందంటుంది, ఇంకోటి తగ్గిందంటుంది, మధ్యలో డాక్టరు పరేషాన్. పేరు లేని పొడులు, పొట్లాల మందుల్లో కూడా స్టెరాయిడ్ కలిపే వాళ్లున్నారు. తీసుకుంటున్నారంటే పొట్లం వెంట తీసుకెళ్లి చూపించండి. దాని ప్రభావం పోయాక ఒక్కసారిగా మచ్చలు తిరగబెట్టడం, ఒక్కోసారి ఒళ్లంతా చీము పొక్కులు లేవడం సోరియాసిస్‌లో అందరికీ తెలిసిన ప్రమాదం.

వాడుతున్న వేరే మందులూ చెప్పాలి. బీపీకి వాడే బీటా బ్లాకర్లు, మానసిక సమస్యలకిచ్చే లిథియం, మలేరియాకు వేసుకునే క్లోరోక్విన్ సోరియాసిస్‌ని రేపగలవు. ములుగు, భూపాలపల్లి అడవుల వైపు ఉండేవాళ్లు ఆ మూడోదాన్ని గుర్తుపెట్టుకోండి.

ఎక్కడ చేయించాలి

ప్రైవేటు ల్యాబే కానక్కర్లేదు. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో, బస్తీ దవాఖానల్లో రక్తం తీసి తెలంగాణ డయాగ్నస్టిక్స్ కేంద్రానికి పంపి ఉచితంగా పరీక్ష చేయిస్తున్నారు. డాక్టరు చీటీ తీసుకుపోయి, మీరు అడుగుతున్న పరీక్ష అక్కడ ఉందో లేదో ముందే కనుక్కోండి. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో చూపించుకునేవాళ్లు స్కిన్ ఓపీలో రాసిన చీటీతోనే లోపల ఇవ్వొచ్చు. ఎక్కడిచ్చినా సరే, ప్రతిసారీ అక్కడే ఇవ్వండి. ఒకసారి కాజీపేటలో, ఒకసారి కరీంనగర్‌లో, ఇంకోసారి హైదరాబాద్ పోయినప్పుడు అమీర్‌పేటలో ఇస్తే, మిషన్లు వేరు, పద్ధతులు వేరు, పోల్చుకోవడానికి ఏమీ మిగలదు.

సీబీపీలో దాగిన లెక్క

రిపోర్టులో కొట్టొచ్చినట్టు నల్లటి అక్షరాల్లో హీమోగ్లోబిన్ ఉంటుంది, అందరం అదొక్కటే చూసి మూసేస్తాం. దాని కింద ‘డిఫరెన్షియల్ కౌంట్’ దగ్గర ఆగండి. న్యూట్రోఫిల్స్ శాతం, లింఫోసైట్స్ శాతం ఉంటాయి. మొదటిదాన్ని రెండోదానితో భాగించండి, ఫోన్‌లో క్యాలిక్యులేటర్ చాలు. వచ్చినదాన్ని ఎన్‌ఎల్‌ఆర్ అంటారు. ఉదాహరణకి న్యూట్రోఫిల్స్ 66, లింఫోసైట్స్ 24 అయితే 66ను 24తో భాగిస్తే 2.75.

దీనికి ఎందుకంత గౌరవం అంటే, న్యూట్రోఫిల్స్ వాపుకి ముందుగా పరిగెత్తే కణాలు, సోరియాసిస్ మచ్చని మైక్రోస్కోప్ కింద పెడితే పైపొరలో ఇవే చిన్న చిన్న గుంపులుగా కనిపిస్తాయి. సోరియాసిస్ ఉన్నవాళ్లలో ఈ నిష్పత్తి లేనివాళ్ల కంటే సగటున ఎక్కువగా ఉంటోందని చాలా పరిశోధనల్లో తేలింది. సగటున అన్నాను, గమనించండి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో సాధారణంగా 1 నుంచి 3 మధ్య ఉంటుంది, సోరియాసిస్ ఉన్న చాలామందిదీ ఆ మధ్యలోనే ఉండొచ్చు. ‘ఇంత దాటితే జబ్బు ముదిరినట్టు’ అనే గీత ఎవరూ గీయలేదు. మరి దేనికి? మీ అంకెని మీ పాత అంకెతో పోల్చుకోవడానికి. నాది మచ్చలు నిమ్మళంగా ఉన్న రోజుల్లో 1.8 దగ్గర తిరుగుతుంది, చలికాలం మధ్యలో చర్మం పగిలి మండుతున్నప్పుడు 3 దాకా పోతుంది. మీది అసలు కదలకపోవచ్చు కూడా, అప్పుడు దాన్ని వదిలేయండి, బలవంతంగా అర్థం లాగొద్దు.

ప్లేట్‌లెట్లతోనూ ఇలాంటి లెక్కే ఉంది. మొత్తం తెల్లకణాలు 8,400 ఉండి లింఫోసైట్స్ 24 శాతం అయితే వాటి సంఖ్య 2,016. ప్లేట్‌లెట్లు 2,80,000 అనుకుంటే దాన్ని 2,016తో భాగిస్తే దాదాపు 139. దీన్ని పీఎల్‌ఆర్ అంటారు. వానాకాలంలో వైరల్ జ్వరానికీ డెంగీకీ ప్లేట్‌లెట్లు కింద మీద అవుతాయి కాబట్టి నేను దీన్ని పెద్దగా పట్టించుకోను.

సీఆర్‌పీ, ఈఎస్‌ఆర్

సీఆర్‌పీలో ముందు చూడాల్సింది అంకె కాదు, దాని పక్కనున్న కొలత. కొన్ని ల్యాబులు లీటరుకి మిల్లీగ్రాముల్లో ఇస్తాయి, కొన్ని డెసిలీటరుకి ఇస్తాయి, రెంటికీ పదిరెట్ల తేడా. డెసిలీటరుకి 0.8 అంటే లీటరుకి 8. మా బావమరిది ఒక ల్యాబ్‌లో 0.9, ఇంకో ల్యాబ్‌లో 7 చూసుకుని ఏడెనిమిది రెట్లు పెరిగిందని భయపడ్డాడు, నిజానికి 9 నుంచి 7కి తగ్గింది. చాలా ల్యాబులు లీటరుకి 5 లేదా 6 మిల్లీగ్రాముల లోపు ఉంటే మామూలే అని రాస్తాయి. సోరియాసిస్ చర్మానికే పరిమితమై ఉంటే సీఆర్‌పీ మామూలుగా ఉండటం లేదా కొంచెం పెరగడమే ఎక్కువగా చూస్తాం. 40, 60 లాంటి అంకె వస్తే ముందు ఇన్ఫెక్షన్ ఎక్కడుందో, కీళ్లు ఎలా ఉన్నాయో చూడాలి. ఒంటి బరువు ఎక్కువున్నా, పొగ తాగినా ఇది కొంచెం పైనే ఉంటుంది.

హైసెన్సిటివ్ సీఆర్‌పీ అని ఇంకోటి రాస్తారు. అదీ అదే ప్రోటీన్, చిన్న అంకెల్ని కూడా పట్టుకునేలా కొలుస్తారు, గుండె జబ్బు ముప్పు అంచనాకి. లీటరుకి 1 మిల్లీగ్రాము లోపు తక్కువ, 1 నుంచి 3 మధ్యస్తం, 3 దాటితే ఎక్కువ. సోరియాసిస్ ఎక్కువగా ఉన్నవాళ్లకి గుండె జబ్బు ముప్పు కొంత ఎక్కువ కాబట్టి ఇది దండగ పరీక్ష కాదు, కానీ దాని వెంట షుగరు, కొలెస్ట్రాల్, బీపీ చూడకపోతే దండగే.

ఈఎస్‌ఆర్ నిదానం మనిషి. సీఆర్‌పీ గంటల్లో పెరిగి, కారణం పోతే రోజుల్లో దిగిపోతుంది, ఈఎస్‌ఆర్ దిగడానికి వారాలు పడుతుంది. వయసుతో పెరుగుతుంది కాబట్టి ఒక మోటు లెక్క ఉంది: మగవాళ్లకి వయసులో సగం, ఆడవాళ్లకి వయసుకి పది కలిపి అందులో సగం, అంతవరకు పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. యాభై ఏళ్ల ఆవిడకి 30 వస్తే కంగారు వద్దు. రక్తం తక్కువున్నా, గర్భంతో ఉన్నా ఈఎస్‌ఆర్ పెరుగుతుంది, అందుకే హీమోగ్లోబిన్ 9 ఉన్న మనిషి ఈఎస్‌ఆర్‌ని సోరియాసిస్ ఖాతాలో రాసేయకూడదు.

కీళ్లు పట్టేస్తే లెక్క మారుతుంది

సోరియాసిస్ ఉన్నవాళ్లలో ఎంతో కొంతమందికి, కొన్ని అంచనాల్లో వందకు ముప్పై మంది దాకా, కీళ్లవాతం వస్తుంది, ఎక్కువగా చర్మం మీద మచ్చలు వచ్చిన కొన్నేళ్లకి. పొద్దున లేవగానే అరగంటకు పైగా కీళ్లు బిగుసుకుపోయి ఉండటం, ఒక వేలు మొత్తం అరటిపండులా ఉబ్బడం, మడమ వెనక నొప్పి, గోళ్లు గుంటలు పడి ఊడిరావడం, వీటిలో ఏది ఉన్నా డాక్టరుకి విడిగా చెప్పండి, చర్మం డాక్టరు కీళ్ల గురించి అడగకపోయినా మీరే చెప్పండి.

ఇక్కడ రిపోర్టు మోసం చేస్తుంది. సోరియాసిస్ కీళ్లవాతం ఉన్న వాళ్లలో దాదాపు సగం మందికి సీఆర్‌పీ, ఈఎస్‌ఆర్ రెండూ మామూలుగానే వస్తాయి. ఇంకో రకం కీళ్లవాతానికి చూసే రుమటాయిడ్ ఫ్యాక్టర్ కూడా ఎక్కువమందికి నెగెటివే. ‘రిపోర్టులన్నీ నార్మల్, నీకేం లేదు, వయసు నొప్పులు’ అని ఇంట్లో ఎవరైనా అంటే వినకండి, వేలు ఉబ్బి కళ్ల ముందు కనిపిస్తుంటే కాగితం మాట నమ్ముతామా? యూరిక్ యాసిడ్ సంగతి ఇంకో తిరకాసు. సోరియాసిస్‌లో కణాలు వేగంగా పుట్టి చస్తుంటాయి కాబట్టి అది కాస్త పెరిగి ఉండటం కద్దు, దావత్‌లో మటన్, బీరు పడితే ఇంకా. పెరిగిందని అన్ని కీళ్ల నొప్పుల్నీ గౌట్ (యూరిక్ యాసిడ్ పేరుకుని వచ్చే కీళ్ల జబ్బు) అనేయలేం. హెచ్‌ఎల్‌ఏ-బీ27 అనే జన్యు పరీక్ష వెన్నునొప్పి ఉన్న కొందరికి ఉపయోగం, ఏ జబ్బూ లేనివాళ్లలోనూ పాజిటివ్ వస్తుంది, డాక్టరు అడిగితేనే చేయించండి.

డబ్బు పెట్టొద్దన్నవి

ఐఎల్-17, ఐఎల్-6, టీఎన్‌ఎఫ్ స్థాయిలు రక్తంలో కొలిపించుకుందాం అనిపిస్తుంది, పైన అంత కథ చెప్పాక అనిపించడం సహజం. సెకుకినుమాబ్ ఐఎల్-17ని, అడాలిముమాబ్ టీఎన్‌ఎఫ్‌ని అడ్డుకునే సూదులు. మన దేశంలోనే తయారై 2013లో అనుమతి పొందిన ఇటోలిజుమాబ్ టీ కణాల మీదున్న సీడీ6 అనే ప్రోటీన్‌ని పట్టుకుంటుంది. అయినా ఏ మందు ఇవ్వాలో డాక్టర్లు ఈ రసాయనాల రక్త స్థాయి చూసి నిర్ణయించరు. అసలు కథ చర్మంలో నడుస్తుంది, రక్తంలోకి వచ్చేది కొద్దిగా, అదీ గంటగంటకీ మారుతుంది. ఐజీఈ కూడా అంతే, అది ఎగ్జిమా, ఆస్తమా, నులిపురుగుల వైపు చూసే పరీక్ష.

మందు మొదలుపెట్టే ముందు రాసే పరీక్షల కట్ట వేరు, దాన్ని దీంతో కలపకండి. సోరియాసిస్‌కి వాడే మెథోట్రెక్సేట్ అనే మందుకి ముందు లివరు, కిడ్నీ, హెపటైటిస్ బీ, సీ చూస్తారు, హెచ్‌ఐవీ కూడా రాస్తారు. నొచ్చుకోకండి, అది అవమానం కాదు, ఒక్కసారిగా విరుచుకుపడే సోరియాసిస్ వెనక ఒక్కోసారి హెచ్‌ఐవీ ఉంటుంది కూడా. పైన చెప్పిన సెకుకినుమాబ్, అడాలిముమాబ్ లాంటి బయాలజిక్ సూదులకి ముందు టీబీ నిద్రపోతూ ఉందేమో చూడాలి. చేతి మీద మాంటూ సూది వేస్తే 48 నుంచి 72 గంటల్లో పోయి చూపించాలి, లేదా ఇగ్రా అనే రక్త పరీక్ష, చిన్నప్పటి బీసీజీ టీకా దీన్ని తప్పుదారి పట్టించదు. ఇక మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే వేసుకునే మందు. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. ఏ రోజో చీటీ మీద పెద్ద అక్షరాలతో రాయించుకోండి.

నోట్‌బుక్ ఒకటి పెట్టండి

పిల్లల పాత రూళ్ల నోట్‌బుక్ చాలు. తేదీ, ఎన్‌ఎల్‌ఆర్, సీఆర్‌పీ కొలతతో సహా, ఈఎస్‌ఆర్, ఆ వారం జ్వరమో సూదో ఏదైనా ఉంటే అది. వాటి పక్కనే చర్మం లెక్క. మీ అరచెయ్యి వేళ్లతో కలిపి మీ ఒంటి చర్మంలో దాదాపు ఒక శాతం. మచ్చలన్నీ కలిపితే ఎన్ని అరచేతులు అవుతాయో రాసుకోండి: మూడు లోపు అయితే తక్కువ, మూడు నుంచి పది మధ్యస్తం, పది దాటితే ఎక్కువ. ముఖం, అరచేతులు, గోప్య భాగాల్లో ఉంటే తక్కువైనా ఎక్కువ కిందే లెక్క. అదే కిటికీ దగ్గర, అదే వెలుతురులో ఫోటో తీసుకోండి. మందు మీద లేనివాళ్లు ఆరు నెలలకోసారి చూసుకుంటే చాలనుకుంటా, మందు మీదున్నవాళ్లకి డాక్టరు చెప్పిన గడువే గడువు.

డాక్టరు ముందు కూర్చున్నప్పుడు రిపోర్టుల కట్ట తీయకుండా ఆ పేజీ తెరిచి పెట్టండి. అడగాల్సినవి రెండే: ‘పోయినసారికీ ఇప్పటికీ తేడా చర్మం వల్లనా, ఇంకేదైనా కారణం ఉందా?’, ‘అంకె తగ్గింది గానీ మచ్చలు తగ్గలేదు, దేన్ని లెక్కలోకి తీసుకోవాలి?’ రెండో ప్రశ్నకి నా డాక్టరు నవ్వి, ‘మచ్చల్నే’ అన్నారు.

ఒళ్లంతా ఎర్రబడి చలిజ్వరం వచ్చినా, చీము పొక్కులు గుంపుగా లేచినా, మెథోట్రెక్సేట్ మీదుండగా నోట్లో పుండ్లు, ఆయాసం, జ్వరం మొదలైనా నోట్‌బుక్, ల్యాబ్, అపాయింట్‌మెంట్ ఏవీ చూడకుండా రాత్రయినా సరే ఎంజీఎం క్యాజువాలిటీకో దగ్గర్లోని పెద్ద దవాఖానకో పోండి. వేసుకుంటున్న మందుల డబ్బాలు మాత్రం సంచిలో వేసుకెళ్లండి.